వెండిరంగు కింది అతుకు

ఓబులేసు జీపు కింద వెల్లకిలా పడుకుని, అడుగు చట్రం ఛాసి పట్టీ మీది రంగును వైరుబ్రష్‌తో గీకుతున్నాడు. పొట్టు రాలి కళ్లలో పడుతోంది. అయినా ఇనుము తెల్లగా తేలేదాకా వదిలే రకం కాదు. ఈ నిష్ఠంతా మూడేళ్ల నుంచే. అంతకుముందు సంగతి అడక్కండి, అడిగితే ఆయన తలెత్తలేడు.

మార్కాపురం దాటి పెద్దారవీడు వైపు పోతుంటే రోడ్డువారగా ఉండే రేకుల షెడ్డు ఆయనది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు, మెడలో మాసిన తువ్వాలు. జీపు రాజేష్‌ది. కొండపాదాన అతనికి గొర్రెల దొడ్లున్నాయి. వానాకాలం ఆ దారిలో దిగబడని బండి లేదు, అందుకే మోకు తగిలించి లాగడానికి బండి ముందు ఒక కొక్కెం కావాలన్నాడు.

"ఈ ఎర్రది బంపరుకే వెల్డింగు కొట్టెయ్ మామా. పది నిమిషాల పని గదా!"

"అది బండిని లారీ మీద కట్టేసుకునే కొక్కెం అల్లుడూ, బురదలోంచి లాగేదానికి పనికిరాదు. ఈ నల్లది చూడు, సమ్మెట దెబ్బలు తిన్న ఇనుము. దీన్ని ఛాసికే వెయ్యాల. నాలుగు హైటెన్షన్ బోల్టులు, వెనక మందపు పట్టీ. బంపరుకు మాత్రం చస్తే వెయ్యను."

"అంత పట్టింపేంది మామా?"

ఓబులేసు మళ్లీ బ్రష్ అందుకున్నాడు. షెడ్డు మూలన, పాత టైరు మీద కూర్చున్న జ్ఞానయ్య దగ్గాడు.

జ్ఞానయ్యది రాచర్ల. ఒకప్పుడు గొర్రెలు తోలే జీపుకు డ్రైవరు. మూడేళ్ల కింద ఆ జీపుకు కొక్కెం వేసింది ఓబులేసే. మూతబడిన పలకల గనిలో దొరికిన పాత కొక్కెం. కరెంటు పోయేలోగా పని అయిపోవాలని ఓనరు నెత్తిన కూర్చున్నాడు. ఓబులేసు రంగు కూడా గీకకుండా బంపరు మీదే అతుకు వేసి, ఆ అతుకు కనపడకుండా పైన వెండిరంగు కొట్టి పంపించాడు. నెల తిరక్కుండానే వాగు బురదలో జీపు దిగబడింది. ట్రాక్టరుతో లాగుతుంటే కొక్కెం ఊడి, పక్కన నిలబడ్డ జ్ఞానయ్య మోకాలి చిప్పను పగలగొట్టింది.

ఓనరు వచ్చి నిలదీస్తే ఓబులేసు నోట అలవోకగా అబద్ధం వచ్చేసింది. "నా పనిలో లోపం లేదు. మోకు సరిగ్గా కట్టింటే ఎందుకు ఊడుతుంది?" కొక్కెం వాగులో పోయిందన్నారు, ఇక చూసేదెవరు? కట్టడం చేతగానివాడని జ్ఞానయ్యకు పేరొచ్చింది. పనీ పోయింది. "నాదే పొరపాటయింటుందిలే అన్నా" అని ఆ అమాయకుడు తలూపాడు. తర్వాత కాపురం మార్కాపురానికి మార్చి, కుంటుకుంటూ వచ్చి రోజూ ఆ టైరు మీదే కూర్చునేవాడు. ఓబులేసు టీ పోయించేవాడు, బీడీ ఇచ్చేవాడు. ఛీ, ఎంత టీ పోస్తే మాత్రం ఆ మాట చెరుగుతుందా!

ఇవాళ నాలుగింటి బస్సుకు జ్ఞానయ్య కనిగిరి వెళ్లిపోతున్నాడు. పెండ్లాం ఎలీషబాకు అక్కడ హాస్టల్లో వంటపని దొరికింది. బస్సెక్కేలోగా చెప్పేయాలని ఓబులేసు పొద్దున పళ్లు తోముకుంటూనే గట్టిగా అనుకున్నాడు. టీ తాగేటప్పుడు గొంతు సవరించుకున్నాడు కూడా.

"జ్ఞానయ్యా, నీకొక మాట చెప్పాల."

"చెప్పన్నా."

ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టాడు. "బస్సులో... కిటికీ పక్కన కూచో. కాలు చాపుకోవచ్చు."

"అట్లనేలే అన్నా."

మూడింటికి నాలుగు బోల్టులూ బిగిశాయి. జ్ఞానయ్య కర్ర ఊతంతో లేచొచ్చి, ఒక్కో బోల్టు తలనూ వేలితో తడిమి చూశాడు.

"బలే బిగించినావన్నా. ఇది ఊడదు."

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడైనా చెప్పరా అని మనసు పోరింది. రాజేష్ ఎదురుగా ఉన్నాడని వంక దొరికింది. వంకలకేం కొదవ? అంతలో ఆటో వచ్చి ఆగింది. మూటల మధ్య నుంచి ఎలీషబా దిగి, చేతులు జోడించింది.

"మూడేండ్లు ఈ మనిషిని సొంత తమ్ముడి మాదిరి చూసుకున్నావన్నా. ఏసయ్య నిన్ను చల్లగా చూడాల."

ఆ దండానికి బదులు దండం పెట్టడానికి కూడా ఓబులేసుకు ముఖం చెల్లలేదు. జ్ఞానయ్య ఆటో ఎక్కి, కాలును రెండు చేతులతో లోపలికి లాక్కున్నాడు.

"పోయొస్తా అన్నా. టైరు మీద సంచి పెట్టినా. అది నీదే."

ఆటో వెళ్లిపోయింది. ఏ పచ్చడో పెట్టి ఉంటుందనుకుంటూ ఓబులేసు సంచి మూతి విప్పాడు.

లోపల కొక్కెం. పలకల గనిదే. పైన వెండిరంగు అలాగే ఉంది. ఊడిన అంచున, అతుకు వేసేముందు గీకెయ్యాల్సిన బంపరు ఆకుపచ్చ రంగు పొరగా అంటుకుని ఉంది. ఇనుమూ ఇనుమూ కలవనే లేదని కళ్లున్నవాడెవడికైనా తెలుస్తుంది. ముప్పయ్యేళ్లు బండి నడిపినవాడికి తెలియదా? వాగులో పోయిందని చెప్పింది జ్ఞానయ్యే. దీన్ని ఇంట్లో పెట్టుకుని, రోజూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కరోజైనా అడిగాడా? అడగలేదు. ఓబులేసే చెబుతాడని మూడేళ్లు చూశాడు.

ఓబులేసు రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆటో కనిపించలేదు. ఫోను తీసి నంబరు నొక్కాడు, మోగకముందే కట్ చేశాడు. ఏమని మొదలుపెట్టాలి? తిరిగి షెడ్డులోకి వచ్చేసరికి రాజేష్ ఆ కొక్కేన్ని చేతిలో తిప్పి చూస్తున్నాడు.

"ఎవురు మామా, ఇంత దరిద్రంగా అతికింది?"

"నేనే."

రాజేష్ పరాచికమనుకుని నవ్వబోయాడు. ఆయన ముఖం చూసి నవ్వు మింగేసి, కొక్కేన్ని మెల్లగా మళ్లీ టైరు మీదే పెట్టాడు.

జ్ఞానయ్య కూర్చుని కూర్చుని నున్నబడిన టైరు మీద అది నిగనిగలాడుతోంది. మూడేళ్లయినా ఎక్కడా తుప్పు పట్టకుండా ఎవరో దానికి నూనె రాస్తూ వచ్చారు.