ఊరి పేజీలో మొదటి మగ్గం

"నెట్లో ఊరి సంగతులు దిద్దితే కేసు పెడతారంటనే శశీ. పోలీసోళ్లు ఇంటికొస్తే మీ నాయన గుండె ఆగిపోతాది."

"ఎవరూ రారు మా. ఎవరైనా దిద్దొచ్చు. ఆధారం ఉండాల, అంతే."

నా కూతురు శశి ధర్మవరంలో డిగ్రీ చదువుతోంది. తీరిక దొరికితే వికీపీడియాలో తప్పులు దిద్దుతుంది. అందులో మా ఊరి పేజీలో 'ఈ ఊళ్లో మొదటి పట్టుమగ్గం పెట్టినది నల్లప్ప' అని ఎవరో రాశారు. నల్లప్ప మా ఎదురింటి జ్యోతిలక్ష్మికి తాత. పెళ్లి చీరలకు ఎవరొచ్చినా ఆమె మొదట ఫోను తీసి ఆ వాక్యం చూపిస్తుంది. వాళ్లు ఇక అక్కడే కూర్చుంటారు. మా గడప వైపు తల కూడా తిప్పరు. ఆమె నవ్వు వినబడితే నా చేతిలో పోగు తెగేది.

ఆధారం లేదని శశి ఆ వాక్యం తీసేసింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

"ఇంగ మా నాయన పేరు రాయి. శ్రీరంగప్ప అని."

"ఆధారం?"

"ఊరంతా చెప్తాది."

"చెప్తే చాలదు మా. అచ్చులో ఉండాల."

నాలుగు రోజుల్లో మా కొత్త మగ్గం పూజ ఉంది. ప్రెస్సుకు పోయి, పిలుపు కార్డు పైన 'ఊళ్లో మొదటి మగ్గం పెట్టిన కీర్తిశేషులు శ్రీరంగప్ప గారి ఆశీస్సులతో' అని అచ్చు వేయించాను. మొదటి కార్డు జ్యోతిలక్ష్మి చేతిలోనే పెట్టాను.

ఆమె నిదానంగా చదివింది. "మీ నాయనే పైనుంచి రాసి పంపినాడా అక్కా?" అంది.

రెండో కార్డు శశికి ఇచ్చాను.

"ఇది నువ్వే ఏపిస్తివి కదమా."

"అచ్చులో ఉండాలంటివే."

"ఇది పెడితే నేను అబద్ధం పెట్టినట్లే. ఆ మార్పు నా పేరు మిందనే ఉంటాది. నిజమైతే చెప్పు, పాత పుస్తకాల్లో యాడుండాదో ఎతుకుతా. మన తాత కంటే ముందు ఈడ ఎవరూ మగ్గం పెట్టలేదా?"

నేను మగ్గం గుంటలోకి కాళ్లు దించి నేత మొదలుపెట్టాను. ఎదురింట్లో ఎవరో చీరలు విప్పించి చూస్తున్నారు. శశి ఫోను పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను జానెడు నేసేదాకా ఆమె లేవలేదు.

"మా నాయనకు మగ్గం నేర్పింది నల్లప్పే," అన్నాను.