పాస్‌పోర్టు చూపించని మనిషి

ద్వీపాన్ని రెండుగా చీల్చిన సరిహద్దులో గేట్లు తెరిచి ఇరవై ఏళ్లు దాటినా, గ్రీకు వైపు ఉండే లోయిజోస్ ఒక్కసారి కూడా అవతలి టర్కీ వైపుకి వెళ్లలేదు. నికోసియాలో ఆయన ఇంటి నుంచి చెక్‌పోస్టు పావుగంట దారి. "మన గడ్డ మీద నడవడానికి వాళ్లకి పాస్‌పోర్టో గుర్తింపు కార్డో చూపించాలా? చూపించామంటే అదొక దేశమని ఒప్పుకున్నట్టేగా!" అని కాఫీ కొట్లో బల్ల గుద్ది చెప్పేవాడు. వెళ్లొచ్చినవాళ్లతో మాటలు మానేశాడు. ఈ ద్వీపంలో ఆ పంతం పట్టినవాళ్లు బోలెడుమంది, ఆయనొక్కడికే కొమ్ములేం లేవు. చిక్కల్లా ఏమిటంటే, అవతల వదిలేసి వచ్చిన ఇల్లు ఆయనది కాదు, భార్య మిరోఫోరాది. పంతం మాత్రం ఆయనది.

టర్కీ సైన్యం దిగిన డెబ్బై నాలుగు యుద్ధంలో పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చిన మనిషి ఆమె. గేట్లు తెరిచిన వారం "ఒక్కసారి తీసుకెళ్లవయ్యా" అంది. ఆయన కసురుకున్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఇప్పుడామె పోయి ముప్పై ఎనిమిది రోజులు. నలభయ్యో రోజు ప్రార్థనకి ఆమె పుట్టింటి మట్టి గుప్పెడు తెచ్చి సమాధి మీద వెయ్యాలని లోయిజోస్‌కి ఇప్పటికి బుద్ధి పుట్టింది. ఇన్ని రోజుల్లో ఆయనకి ఏడుపు రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

చెక్‌పోస్టు కిటికీలో ఆఫీసరు కార్డు తీసుకుని, ఆవలిస్తూ ఏదో నొక్కి, తిరిగిచ్చేశాడు. మొహం కూడా చూడలేదు. ఇరవై ఏళ్ల పంతం అలా గంగలో కలిసిపోతే లోయిజోస్‌కి కోపం కూడా రాలేదు.

మోర్ఫు దాటాక నారింజ తోటల మధ్య ఊరు. చర్చి వెనక నీలం తలుపు. మిరోఫోరా వెయ్యిసార్లు చెప్పిన గుర్తులే. తలుపు తీసిన ముసలావిడ నెవ్‌జిహాన్, ఆ యుద్ధంలోనే గ్రీకు వైపున్న పాఫోస్‌లో ఇల్లొదిలి ఇటొచ్చిన టర్కీ జాతి మనిషి. గ్రీకు బాగా వచ్చు.

"ఇది మిరోఫోరా పుట్టిల్లండీ" అన్నాడు లోయిజోస్.

"మా మిరోఫోరానా! రండి, రండి. ఈ ఏప్రిల్‌లో రాలేదేం? ప్రతి ఏడూ వచ్చి ఆ నిమ్మచెట్టు కింద కూర్చుని వెళ్లేదే!"

ఏటా ఏప్రిల్‌లో మిరోఫోరా లిమసోల్‌లో చెల్లెలింటికని లోయిజోస్‌తో చెప్పి బయల్దేరేది. బస్టాండు దాకా ఆయనే సంచి మోసుకెళ్లి ఎక్కించేవాడు.

"పోయిందండీ. గుప్పెడు మట్టి కోసం వచ్చాను."

నెవ్‌జిహాన్ నోరు కొట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఆయనకి పళ్లెంలో చెంచా వేసి వాల్‌నట్ తీపి, మంచినీళ్లు పెట్టి, తనే నిమ్మచెట్టు కింద కూర్చుని మట్టి తవ్వింది.

"మీరు అన్నగారేనా?"

భర్తననడానికి లోయిజోస్ నోరు తెరిచాడు. ఆవిడ ఆగలేదు.

"పోన్లెండి, ఇప్పటికైనా మొగుడి దగ్గరికి చేరింది. ఆయన ఎప్పుడో పోయాడటగా?"

"పోయాడని చెప్పిందా?"

"మొదటిసారి ఒక్కతే వస్తే మేమే అడిగాం, మీ ఆయన రాలేదేం అని. పోయాడంది. ఎంత మంచివాడో, ఎప్పుడూ ఆయన మాటే! బతికుంటే నన్నిలా బస్సుల్లో పడనిచ్చేవాడా, గేట్లు తెరిచిన రోజే తీసుకొచ్చేవాడు అనేది."

లోయిజోస్ చెంచా పళ్లెంలో పెట్టాడు.

"తీసుకొచ్చేవాడు కాదు" అన్నాడు.