సందు మొదట్లో ఆగిన బండి

పెళ్లయి ఇరవై మూడు రోజులు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉంటే చాలు, పొద్దున్నే నాకు నవ్వొచ్చేస్తోంది. ఆ నవ్వు మొహాన పెట్టుకునే ఆసుపత్రికి వెళ్లాను. జాబితా చేత్తో పట్టుకుని పెద్ద సిస్టర్ ఎదురొచ్చింది.

"కొత్త పెళ్లికూతురా, ఆ టైలర్ మాస్టారి పేరు కొట్టేస్తున్నా."

నవ్వు ఎటు పోయిందో తెలీదు.

మా ఆసుపత్రిలో నేను పనిచేసేది ఇంటి వైద్యం విభాగంలో. నా అన్నవాళ్లు లేనివాళ్లు, ముసలివాళ్లు, మళ్లీ ఆసుపత్రి దాకా రాలేనివాళ్లు డిశ్చార్జి అయ్యాక వాళ్లిళ్లకు మేమే వెళ్లి కట్లు కడతాం, మందులు వేసుకుంటున్నారో లేదో చూస్తాం. నర్సులం నలుగురమే, ఎదురుచూసేవాళ్ల వరుస మాత్రం చాంతాడంత. అందుకే మూడుసార్లు వెళ్లినా తలుపు తీయని మనిషి చోటు తర్వాతివాళ్లకు ఇచ్చేస్తారు.

మాస్టారు రెండుసార్లు తీయలేదు. చక్కెర జబ్బు మనిషి. కుడి పాదానికి రెండు వేళ్లు ఇప్పటికే తీసేశారు. పుండు రోజూ శుభ్రం చేయకపోతే ఈసారి చీలమండ దాకా తీయాల్సిందేనని డాక్టరు గారు తెగేసి చెప్పారు.

"మూడోసారి నేను వెళ్తా సిస్టర్."

"ఎవరు వెళ్తే ఏముందే! మిషను టకటకలాడుతూనే ఉంటుంది, మనం తలుపు కొట్టగానే ఆగిపోతుంది. ఆయనకు చెప్పేకన్నా గోడకు చెప్పడం నయం."

"సాయంత్రం దాకా కొట్టేయకండి."

"మొగుడి దగ్గర కూడా ఇలాగే మొండికేస్తున్నావా?"

"ఆయన మొదటిరోజే లొంగిపోయారు."

మా బండి తెల్లగా ఏనుగంత ఉంటుంది. రెండు పక్కలా మూరెడు మూరెడు ఎర్ర అక్షరాలు. మాస్టారుండే ఇరుకు సందులో గోడలు రాసుకుంటూ వెళ్లి, సరిగ్గా ఆయన గుమ్మానికి అడ్డంగా ఆగింది. మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని దిగాను. లోపల మిషను చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఎదురింటి ఇస్త్రీ అక్క బట్టల దొంతర ఎత్తుకుని, ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోబోయింది.

"ఏంటక్కా, నన్ను చూసి పారిపోతున్నావ్?"

"పారిపోక! ఇంత బండేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని దిగారంటే అదేం మాయరోగమో! అంటుకుంటే మాకెవరు దిక్కు? మీరు మొదటిసారి వచ్చిపోయినప్పట్నుంచి ఈ వీధిలో ఆయనకు బట్టలిచ్చినవాడు లేడు."

అప్పుడర్థమైంది. ఆయన తలుపు తీయకపోవడానికి కారణం ఆయన మొండితనం కాదు, మేమే. కాలు కాపాడతామని వచ్చి నోటిదగ్గర కూడు పడగొట్టాం.

"డ్రైవరన్నా, బండి వెనక్కి తీసి సందు మొదట్లో పెట్టు."

"మొత్తం రివర్సులోనా? నీకు నా మీద ఏం పగమ్మా?" అని గొణుక్కుంటూనే తీశాడు.

మాస్కు, తెల్లకోటు విప్పి సంచిలో పెడుతుంటే మా ఆయన ప్యాంటు తగిలింది. రెండు అంగుళాలు పొడుగు. తొడుక్కుని ఇల్లంతా తూలుతూ నడుస్తుంటే ముచ్చటేసి, నేనే కుట్టిస్తానని తీసుకుని వారంనుంచి మోస్తూనే ఉన్నాను. దాన్ని భుజాన వేసుకుని తలుపు కొట్టాను.

"మాస్టారూ! అబద్ధమెందుకు, ఆసుపత్రి నుంచే వచ్చా. కానీ గుమ్మం ముందు బండి లేదు. పొడుగైపోయిన ప్యాంటొకటి ఉంది."

తలుపు జానెడు తెరుచుకుంది.

"ఎన్ని అంగుళాలు?"

గదిలో కుట్టుమిషను, స్టూలు, మంచం, దారపు ఉండల డబ్బా. వాటన్నిటికన్నా ముందు పుండు వాసన పలకరించింది. పాదం కట్టు నల్లగా, తడిగా ఉంది. దాని మీద మిషను నూనె మరకలు.

"ఈ పాదంతోనే తొక్కుతున్నారా!"

"పొరుగు పేటవాళ్ల బట్టలు నాలుగున్నాయి. నలభై ఏళ్లుగా తొక్కేది ఇదే. ఎడమది అత్తారింటికొచ్చిన అల్లుడు, కూర్చుంటుంది గానీ పనిచెయ్యదు."

"మా ఆయన అంట్లు తోముతారు బాబాయ్. అల్లుళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి."

నవ్వు వచ్చిందేమో, మొహం తిప్పుకుని తలుపు వేయబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"తీసే ఉంచండి. గుమ్మంలోనే కట్టు కడతా, వీధంతా చూడనీ."

"వీల్లేదు. నా కాలు, నా పరువు. నీకేం పోతుంది?"

"నాకేం పోదు, మీకు పాదం పోతుంది. తలుపు మూస్తే లోపల ఏముందోనని వాళ్లే కల్పించుకుంటారు. తీస్తే కనబడేది పుండొక్కటే. ఈ సాయంత్రం మీ పేరు కొట్టేశారంటే, రేపు మీరు పిలిచినా నేను రాలేను."

ఆయన పాదం వైపు చూసుకున్నాడు. తర్వాత స్టూలు తనే గుమ్మంలోకి ఈడ్చుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

కట్టు విప్పాను. అంచులు పసుపుగా కుళ్లాయి. కడుగుతుంటే ఆయన కొలత టేపు పళ్ల మధ్య బిగించాడు. కుళ్లు తీసేశాక అడుగున కండ ఎర్రగా మెరిసింది. లాటరీ తగిలినంత సంబరపడ్డాను.

"ఎర్రగా ఉంది బాబాయ్! ఇంకా మన చేతుల్లోనే ఉంది!"

ఇస్త్రీ అక్క ఎప్పుడొచ్చిందో మెట్టు దగ్గర నిలబడి ఉంది. "నిజంగా అంటుకోదా?"

"చక్కెర పుండక్కా. అంటుకునేదే అయితే మొన్న పెళ్లయినదాన్ని, ఇంత దగ్గర మొహం పెట్టి కూర్చుంటానా? ఫోను లైటు ఇటు పట్టు."

పట్టింది. కాసేపటికి, "ముందే చెప్పొచ్చుగా మాస్టారూ!" అంది.

"మీరు అడిగితేగా!" అన్నాడు ఆయన, టేపు నోట్లోంచి తీసి.

కొత్త కట్టు కట్టి, కుడి పాదాన్ని పీట మీద పెట్టించి, ఎడమతో తొక్కమన్నాను. మిషను వెనక్కి తిరిగింది, దారం తెగింది. ఎక్కించాడు. మళ్లీ తెగింది. నాలుగోసారికి కుట్టు పడింది గానీ పాము పాకినట్టుంది.

"ఇది నీకివ్వను. విప్పి మళ్లీ కుడతా. రేపు ఎన్నింటికొస్తావ్?"

"పదింటికి."

సాయంత్రం అంతా చెప్తే పెద్ద సిస్టర్ జాబితా మడిచి పెట్టేసి, బీరువా తాళాలు తీసింది. "తలుపు తీయలేదని ఇదివరకు కొట్టేసినవాళ్ల కాగితాలు ఇందులో ఉండాలి, పట్టు." ఆరుగురు తేలారు. మర్నాటి నుంచి ఏ బండీ ఎవరి గుమ్మం ముందూ ఆగకూడదని రాసి గోడకు అంటించింది. ఆ ఆరు తలుపులు మళ్లీ కొట్టాం. నాలుగు తెరుచుకున్నాయి.

రోజూ పదింటికి మాస్టారి గుమ్మంలో కూర్చున్నాను. నాకు సెలవైన రోజు పెద్ద సిస్టరే వెళ్లి కూర్చుంది. తొమ్మిదో వారం డాక్టరు గారు పాదాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, "మాస్టారూ, ఇక ఈ కాలు మీదే" అన్నారు.

"మరి ఇన్నాళ్లూ ఎవరిదనుకున్నారు డాక్టరు గారూ?" అన్నాడు మాస్టారు.