పెరటి తడిక దగ్గరి కేక

పిండి పిసికిన చేతులతో పెద్దలకు టీ అందిస్తే బాగుండదని దయామణి మళ్లీ మళ్లీ చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లోని పులుపు వాసన మాత్రం పోలేదు.

వసారాలో ఆమె మామగారు దైవాధీనం, బందరులో తాను ఇంటి దగ్గరే పెట్టిన రొట్టెల బట్టీని కొడుకుకు అప్పగిస్తున్నారు. సాక్షిగా సంఘపెద్ద ఇస్సాకుగారు వచ్చారు.

"రేపటినుంచి యజమాని రాజారత్నమే. బోర్డు మీదా వాడి పేరే," అన్నారు మామగారు. "కోడలిదేముందండీ, ఇంట్లో మనిషి. ఏదో చేతిసాయం."

ఆ చేతిసాయమే రోజూ పిండిని పులియబెట్టేది. పులియడానికి కల్లు కావాలి. కల్లు మానండని ఆదివారం ఆదివారం ఊరికి చెప్పే ఇంటికి, ఆ కల్లు ఎవరి పేరున రావాలి? ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు తేల్చేశారు: "మగాడి పేరంటే సంఘంలోంచి వెలేస్తారే తల్లీ. నీకయితే వాతానికి మందని చెప్పుకోవచ్చు." మద్యనిషేధం ఉన్నన్నాళ్లూ గడ్డిమోపులో దాగి వచ్చిన కుండ, నిషేధం ఎత్తేశాక కూడా పెరటి తడిక దగ్గరికే వస్తోంది. ఎవరి కుండయితే వారి పేరు పెట్టి కేకేయడం కల్లుగీసే పోలయ్య పద్ధతి. "దయామణమ్మా, నీ కుండ!" ఆ కేక విన్న ఇరుగుపొరుగు ఆడవాళ్లు చర్చిలో ఆమె పక్కన చాప ఖాళీగా వదిలేసేవారు. తాగనిదానికి తల వంచీ వంచీ, చివరికి తాగినదానిలాగే సిగ్గుపడడం ఆమెకు అలవాటైపోయింది. చర్చిలో పంచే ప్రభువు బల్ల మీది రొట్టె కూడా ఆ కల్లుతోనే పొంగిందని చెప్పే నోరు లేకపోయింది. బట్టీ చేతులు మారే ఈ రోజునైనా భర్త ఆ మాట చెబుతాడని ఆశ.

ఇస్సాకుగారు టీ ఊదుకుంటూ నవ్వారు. "యజమానివయ్యావుగా అబ్బాయ్, ఇక మీ ఆవిడ చేత ఆ మందు మాన్పించు!"

ఆమె భర్తవైపు చూసింది. రాజారత్నం గ్లాసులోకి చూశాడు.

"ఎన్నిసార్లు చెప్పానండీ, వింటేగా!" అని తానూ నవ్వాడు.

దయామణికి భూమి చీలి లోపలికి వెళ్లిపోతే బాగుండుననిపించింది. కాని గ్లాసులు కడగాలి, పిండి జల్లించాలి.

మర్నాడు వేకువన, కొత్త బోర్డు తగిలించేముందు, వీధివైపు ప్రార్థనకు పెద్దలంతా చేరారు. పెరట్లో పోలయ్య నోరు తెరవకముందే దయామణి తడిక దగ్గర నిలబడి ఉంది.

"ఇటు కాదు పోలయ్యా, వీధి గుమ్మానికి వెళ్లు."

"అటా? అక్కడ పెద్దలంతా కూర్చున్నారమ్మా!"

"కూర్చోనీ. ఎవరి కుండయితే వారి పేరేగా నువ్వు పిలిచేది. బట్టీకి యజమాని మారారు."

పోలయ్య ఆమె ముఖంలోకి చూసి, కుండ భుజానికెత్తుకుని, సందు తిరిగాడు.

కాసేపటికి ప్రార్థన మధ్యలోంచి, రోజూ వినిపించే ఆ గొంతే, వీధంతా మారుమోగేలా లేచింది: "రాజారత్నంగారండీ, మీ కుండ!"

అలవాటు కొద్దీ ఆమె తల వంగింది. ఆ పేరు తనది కాదని తర్వాత గుర్తొచ్చింది.