రెండు గ్రాంటులు, ఒక కాలరు

మూడు రోజులుగా దర్జీ కూతురు కుదురుగా కూర్చున్నది లేదు. ముందుగదిలో నాన్న కత్తిరించే బల్ల, వెనకగదిలో అమ్మ కాజాలు కుట్టే చాప, మధ్యన నాలుగంగల నడవ. ఆ నడవలో ఆ పిల్ల అటు పోతుంది, ఇటు వస్తుంది. ఒక చేతిలో ఒక కాగితం, రెండో చేతిలో ఇంకో కాగితం. చిన్నప్పటినుంచీ ఇంట్లో ఆమెని బొంగరం అనే పిలుస్తారు. ఈ మూడు రోజుల్లో ఆ పేరుకి తక్కువ చేసిందేమీ లేదు.

“నువ్వు అరగదీసిన గచ్చు మళ్ళీ ఎవరు వేయిస్తారే?” అంది తల్లి, పళ్ళతో దారం తెంపుతూ. “ఒకళ్ళు అంతా ఇస్తామంటున్నారు, ఒకళ్ళు సగం ఇస్తామంటున్నారు. ఇందులో తెగనిదేముంది?”

“తెగకే తిరుగుతున్నానమ్మా.”

పెద్ద కాలేజీవాళ్ళ గ్రాంటులో ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వస్తాయి. కాని తరగతిలోని వందమందిలో మొదటి పదిమందికే అది మరుసటి ఏటికి కొనసాగుతుంది. పదకొండో స్థానానికి జారితే అంతటితో సరి. వంతెన అవతలి కాలేజీవాళ్ళు ఇచ్చేది సగం ఫీజే. అయితే పాసవుతూ ఉంటే చాలు, నాలుగేళ్ళూ వస్తుంది. మిగతా సగానికి ఆమె రోజూ సాయంత్రం వాళ్ళ లైబ్రరీలో పుస్తకాలు సర్దాలి. ఇవాళ నాలుగింటిలోగా రెండు ఫారాలూ పోస్టులో పడాలి, ఒకదాని మీద కావాలని, రెండోదాని మీద వద్దని సంతకం పెట్టి. వద్దన్న గ్రాంటు వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి వెళుతుంది.

గోడమీద గడియారం రెండు దాటింది.

“ఆ పదిమందిలో నువ్వుండవా ఏం? ఎప్పుడు రెండోదానివయ్యావు గనక?” అంది తల్లి.

“మా తరగతిలో ఉన్నదే పందొమ్మిది మందిమి. అక్కడ వందమందీ ఎక్కడికక్కడ మొదట వచ్చినవాళ్ళే.” బొంగరం ముందుగదిలోకి వచ్చింది. “నువ్వైనా చెప్పు నాన్నా.”

దర్జీ మాటల్లో పొదుపు. ఏళ్ళ తరబడి పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసినవాడు, అవి లేనప్పుడూ ఉన్నట్టే ఉంటాడు. “కొలవడం వరకే నా పని,” అన్నాడు. “తొడుక్కునేది నువ్వు.”

“ఆయన్నా అడుగుతున్నావు?” లోపలినుంచి తల్లి. “పెళ్ళిచూపుల్లోనే నోరు విప్పలేదు. ముందు ఇటొచ్చి ఈ సూదిలో దారం ఎక్కించు. నా కళ్ళకి ఆనడం లేదు.”

బొంగరం చేతిలోని కాగితాల్లో ఒకటి బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కత్తిరించే బల్లమీద బోర్లా పడి ఉన్న దళసరి కాగితం ఏదైనా కత్తెరదే. పాత క్యాలెండర్లు, అట్టపెట్టెల మూతలు, బడి ప్రోగ్రెసు కార్డులు, అన్నీ ఆ బల్లమీద చొక్కా చేతులకి, జేబులకి కొలత అచ్చులుగా మారినవే. బొంగరం పుట్టి పెరిగింది ఆ పద్ధతిలోనే. అయినా ఆ పూట కాగితం బోర్లానే పెట్టింది.

సూదిలో దారం మూడోసారికి ఎక్కింది. తిరిగి వచ్చేసరికి దర్జీ చేతిలో చక్కటి కాలరు ముక్క. దానిమీద పెద్ద కాలేజీ ముద్ర సగం ఉంది. మిగతా సగం బల్లమీద.

“అయ్యో, దాని చదువు కత్తిరించేశాడే!” తల్లి చేతిలోని చొక్కాతో సహా పరుగెత్తుకొచ్చింది. “కళ్ళు పనిమీదేనా మనిషికి, కాగితం తిరగేసి చూడక్కర్లేదా?”

దర్జీ రెండు ముక్కలూ పక్కపక్కన చేర్చి, మిషను కింద పెట్టి, పెద్ద కుట్టు వేసి అతికాడు. కాగితం టకటకమంటూ అవతలికి వచ్చింది. బొంగరం ఆ కాలేజీ ఆఫీసుకి ఫోను చేసింది.

“ఫారం తెగిందండీ. కుట్టాం. చెల్లుతుందా?”

“కుట్టారా?” అన్నాడు అవతల గుమాస్తా. “చేత్తోనా, మిషనుమీదా?”

“మిషనుమీద.”

“నంబరూ సంతకమూ కనబడితే చెల్లుతుందమ్మా. ఇన్నేళ్ళలో కాఫీ ఒలికినవి చూశాను గాని, ఇది మొదటిసారి.”

“చెల్లుతుందిట,” అంది బొంగరం. తల్లి ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్ళింది. బొంగరం మళ్ళీ నడవలో పడింది.

“ఒక మాట,” అన్నాడు దర్జీ. “మూడు రోజులుగా నీ భుజాలు చెవుల దగ్గరున్నాయి. ఇందాక ఆ కాగితం తెగి ఉండడం చూసినప్పుడు రెండు వేళ్ళంత కిందికి దిగాయి. ఇప్పుడు మళ్ళీ ఎక్కాయి.” అంతే. టేపు మెడలో వేసుకుని పనిలో పడ్డాడు.

బొంగరం గడపమీద ఆగింది. అది నిజమే. కాగితం తెగి ఉండడం చూడగానే ఒంట్లో ఏదో వదులైంది. భయమా? భయపడి తప్పుకుంటే రేపు తన మొహం తనే చూసుకోలేదు. మళ్ళీ నడిచింది. నాలుగు అంగలు అటు, నాలుగు ఇటు.

అలాంటి తేలికే ఇంకోసారి కూడా కలిగింది. ఎనిమిదో తరగతిలో, మార్కుల్లో తన వెనకే ఉండే పక్కబెంచీ పిల్లకి జ్వరమొచ్చి లెక్కల పరీక్ష రాయలేదని తెలిసిన రోజు. ఆ పూట ఇంటికొచ్చి హాయిగా తిని పడుకుంది. ఆ పిల్ల వారం రోజులు మంచంమీదే ఉంది. ఒక్కరోజూ చూడ్డానికి వెళ్ళలేదు. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిది మందిలోనే అలా అయిపోయింది. వందమందిలో, నాలుగేళ్ళు, ఎవరికి జ్వరం వస్తుందా అని చూస్తూ? చదువుకి ఆమె వెరవదు. తలలు లెక్కపెట్టుకుంటూ బతకడానికే ఒళ్ళు ఒప్పుకోవడం లేదు.

నిలబడే సంతకాలు పెట్టింది. కుట్టిన ఫారంమీద వద్దని, రెండోదానిమీద కావాలని. కుట్టుమీదుగా వెళ్ళేటప్పుడు పెన్ను ఒకసారి ఎగిరిపడింది.

తల్లి వచ్చి చదివింది. “అంతా ఇచ్చేదాన్ని వదిలేసి సగానికా? ఆ లైబ్రరీలో దుమ్ముకి నీకు తుమ్ములొస్తాయి.”

“వస్తే తుమ్ముతానమ్మా.”

“తుమ్ము. నీ ఇష్టం.” కిటికీలోంచి బయటికి చూసి, “గొడుగు తీసుకెళ్ళు, మబ్బు పట్టింది,” అంది.

చెప్పులు వేసుకుంటుంటే దర్జీ వెనకనుంచి పిలిచాడు. “బొంగరం. కాలరుకి కాగితం లేకుండా పోయింది నాకు.”

ఆమె సంచీలోంచి పెద్ద కాలేజీవాళ్ళు పంపిన రంగుల పుస్తకం తీసి, మందపాటి అట్ట చించి ఇచ్చింది. అట్టమీద గోపురం, గడియారం, పచ్చిక. దర్జీ ఈసారి తిరగేసి రెండువైపులా చూసుకున్నాడు.

“ఇది నిజంగా అక్కర్లేదు కదా?”

“అక్కర్లేదు నాన్నా.”

అయినా ఆయన ఆమె భుజాలవైపు ఒకసారి చూసి, ఆ తర్వాతే కత్తెర ఆడించాడు. ఆమె అప్పటికే వీధిలో ఉంది, గొడుగు మరిచిపోయి.