మోతలో అన్న మాటలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ గదిలో మిషన్లు తిరుగుతుంటే పక్క మనిషి కేకేసినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి పెదాలు చూసి మాట పట్టడం నేర్చారు. ఈ చివరనున్నావిడ అత్తగారిని తిట్టుకుంటే ఆ చివరనున్నావిడ నవ్వేది. అందరిలో ఘనురాలు కబుర్ల పిన్ని. ఆవలింతకు కూడా అర్థం చెప్పగలదు.

కొత్తగా చేరిన పిల్లకు ఆ విద్య ఇంకా అబ్బలేదు. అందరికీ పనులు పంచే మేస్త్రీ వెనకనుంచి ఆమె భుజం మీదుగా వంగి చెవిలో అనే పాడు మాటలు తనకొక్కదానికే తెలుసనుకుంది. వాడూ అలాగే అనుకున్నాడు. చివరికి ఓర్చుకోలేక మేనేజరుకు ఫిర్యాదు చేసింది.

"భయపడకమ్మా, మేమందరం చెబుతాం," అంది అక్కడే దుప్పట్లు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క. ఎవరినీ అడగకుండానే అందరి తరఫునా మాటిచ్చేసింది.

మేనేజరు మేస్త్రీతో సహా అందరినీ తన గదిలోకి పిలిచాడు. "ఇతను అన్నది ఎవరైనా విన్నారా?"

"ఆ మోతలో ఏం వినపడుతుంది సార్? నెత్తిన పిడుగు పడ్డా తెలీదు," అంది కబుర్ల పిన్ని. మిగతావాళ్లు తలలూపారు. అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

"నేనూ వినలేదు సార్. చూశాను," అంది ఇస్త్రీ అక్క. "మేమందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం." వాడన్న మాటలు ఒక్కటీ వదలకుండా, గోడకేసి చూస్తూ చెప్పింది.

మేస్త్రీ నవ్వాడు. "రేపు బల్లి ఏమందో కూడా చెబుతుంది సార్."

మేనేజరు కబుర్ల పిన్ని వైపు తిరిగాడు. "నిజమేనా?"

"మాటలు కంటికి కనపడతాయా సార్, చోద్యం కాకపోతే."

ఈసారి అన్నది పచ్చి అబద్ధం. ఇది కూడా సులువుగానే వచ్చింది. సాక్ష్యం లేదని మేనేజరు ఫిర్యాదు కొట్టేశాడు.

గేటు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"వాళ్లందరికీ తెలుసా అక్కా?"

"తెలుసు."

"మొదటి నుంచీనా?"

ఇస్త్రీ అక్క తలూపింది.

"ఎవరికీ తెలీదనుకుని రోజూ నవ్వుమొహం పెట్టుకొచ్చేదాన్ని. మీ మధ్యే కూర్చుని అన్నం తినేదాన్ని. నీకూ మొదటి నుంచీ తెలుసుగా."

పిల్ల బస్సెక్కి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఇస్త్రీ అక్క తలెత్తితే చాలు, ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఎదురుగా కూర్చోవాల్సి వస్తే వీపు తిప్పుకుంటారు. ఆమె వాళ్లను క్షమించలేదు. క్షమించమని ఎవరూ అడగనూ లేదు.

మేస్త్రీ కూడా తెలివి నేర్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడో ఆమెకు తెలియదు. ఎవరి భుజం మీదుగా వంగుతున్నాడో మాత్రం తెలుసు.