పట్టకారు తగిలిన అంచు

అక్క కొలిమిలో స్ఫటికాలు పెంచేది. పొట్టి అని పిలిచే చెల్లెలు వాటిలో కరెంటు కొలిచేది. ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్న అక్కచెల్లెళ్లు, చివరికి ఒకే ప్రయోగశాలలో చేరారు. ఆ స్ఫటికం మామూలుది కాదు. లోపల కరెంటు పారదు, అంచు వెంబడే పరుగెత్తుతుంది. దారిలో మామూలు మలినం అడ్డొస్తే, చీమ గులకరాయిని చుట్టుకుపోయినట్టు పక్కనుంచి పోతుందే తప్ప వెనుదిరగదు. దాన్ని వెనక్కి తిప్పేది ఇనుములాంటి అయస్కాంతపు నలుసే.

పొట్టి కొలిచిన ప్రతిసారీ కరెంటు సగంలోనే వెనుదిరిగేది.

"నీ సరుకులోనే ఇనుముందక్కా," అనేది మొహం మీదే.

అక్క పాపం సరుకు కరిగించే మూసలు మార్చింది, కడిగిందే కడిగింది. చివరికి, "నా చేతిలోనే ఏదో లోపముందేమోలేవే," అని బడిలో లెక్కలు చెప్పుకోవడానికి వెళ్లిపోయింది. పొట్టి ఆపలేదు. ఆపకపోగా హమ్మయ్య అనుకుంది కూడా! ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే మరి.

ఇవాళ పొట్టికి తన ఉక్కు పట్టకారు కనిపించలేదు. మొదటి ఉద్యోగానికి అక్క కొనిచ్చింది. స్ఫటికాన్ని ఎప్పుడూ దాంతోనే అంచు పట్టుకుని ఎత్తేది. విసుక్కుంటూ, అక్క వదిలేసిన పాత ముక్కనొకటి కొత్తగా విరిచి, ప్లాస్టిక్ పట్టకారుతో అమర్చింది. కరెంటు ఈ చివర బయల్దేరి చెక్కుచెదరకుండా ఆ చివర తేలింది. అనుమానమొచ్చి ఉక్కుదాన్ని వెతికి తెచ్చి, అదే అంచును దాంతో పట్టి చూసింది. కరెంటు సగంలోనే వెనక్కి తిరిగిపోయింది. అయ్యో, ఎంత పని చేశాను!

వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, నీ స్ఫటికంలో ఏ దోషమూ లేదు. నా పట్టకారుదే అంతా. అంచుకి ఇనుము అంటించింది నేనే."

అవతల బడి పిల్లల గోల వినిపిస్తోంది.

"నేను కొనిచ్చిందేనా?"

"పట్టుకున్నది నేను కదా. ముందు నా చెయ్యి చూసుకోవాల్సింది. నిన్ను అన్నాను."

అక్క ముక్కు చీదింది. తర్వాత నవ్వింది. అంత హాయైన నవ్వు విని పొట్టికి ఇంకా ఏడుపొచ్చింది.

"పోనీలేవే. ఇంతకీ నా కొలిమి బాగుందా? ఆదివారం వచ్చి వెలిగిస్తాను. తలుపు నట్టు వదులుగా ఉంటుంది, కాస్త బిగించి పెట్టు."

పొట్టి మూల వైపు చూసింది. అక్కడ నేలమీద మసి, గోడకు మేకుల కన్నాలు. చోటు చాలడం లేదని పోయిన నెల తనే సంతకం పెట్టి కొలిమిని తుక్కు కింద పంపించేసింది.

"పొట్టీ, వింటున్నావా?"

"వింటున్నానక్కా," అంది.